మేడ మీద టీవీకి పాటల సర్వర్ ఎందుకు కనబడదు?

విజయనగరంలో కింది వాటాలో రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) మీద మినీడీఎల్ఎన్ఏ (పాటలు, వీడియోలు టీవీకి అందించే సర్వర్ ప్రోగ్రాం) నడుస్తోంది, మేడ మీద రెండో రౌటర్‌కి కలిసిన టీవీలో దాని పేరే రావట్లేదన్నారు. మేడ మీద ఫోన్ బ్రౌజర్‌లో సర్వర్ ఐపీ కొట్టి, చివర :8200 పెట్టండి. పేజీ తెరుచుకుంటే సర్వర్ బాగానే ఉన్నట్టు. ఇక టీవీ ఐపీ చూడండి: సర్వర్‌ది 192.168.1.20, టీవీది 192.168.0.5 లాగా ఉంటే రెండూ వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్టు, చిక్కు అక్కడే. టీవీ సర్వర్ని వెతికే పిలుపు 239.255.255.250కి, యూడీపీ 1900 పోర్టుకి వెళ్తుంది. మామూలు ఇంటి రౌటర్ దాన్ని గడప దాటనివ్వదు.

మేడ మీది రౌటర్ ఐపీని 192.168.1.2కి మార్చి (అది ఖాళీగా ఉండాలి), డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే పని) ఆపేసి, ఆ తర్వాతే కింది నుంచి వచ్చే కేబుల్‌ని దాని వాన్ (బయటి నెట్ వచ్చే) పోర్టు నుంచి లాన్ (ఇంటి పరికరాల) పోర్టుకి మార్చండి. టీవీని ఒకసారి ఆపి, మళ్ళీ ఆన్ చేయండి.

రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నా రాకపోతే గెస్ట్ వైఫై, ఏపీ ఐసొలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నాయేమో చూడండి.