పాలివాళ్లా, పోలినవాళ్లా?

సందేహం: జన్యువుల మీద తెలుగులో వచ్చిన ఒక వ్యాసంలో హోమోలాగ్, ఆర్థోలాగ్, పారాలాగ్ మూడింటినీ ‘సారూప్య జన్యువులు’ అనే రాశారు. రెండు జీవుల జన్యువుల మధ్య ‘ఇంత శాతం హోమోలజీ’ ఉందనీ రాశారు. ఇది సరైన వాడుకేనా? పారాలాగ్‌ను ‘పాలి జన్యువు’ అనొచ్చని ఒక మిత్రుడు అంటున్నాడు. పాలకూ జన్యువుకూ ఏమిటి సంబంధం?

సమాధానం: మీ మిత్రుడి మాట నాకు నచ్చింది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఆ పాలు ఈ పాలు కావు. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే, ‘ఒక పాలు’ అని ఎవరూ అనరు. వాటా అనే అర్థమున్న ‘పాలు’ ఏకవచనం, దాని బహువచనం ‘పాళ్లు’. ఒక పాలు సున్నం, రెండు పాళ్లు ఇసుక అంటామే, అది. తమిళంలోనూ ఈ రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి, అర్థాలు మాత్రం వేరు. పాలు కొంటే, అంటే వాటా తీసుకుంటే, పాల్గొనడం. ‘నా పాలిట దేవుడు’ అన్నా, ‘మంటల పాలైంది’ అన్నా ఈ వాటాయే. ఆస్తిలో పాలున్నవాడు పాలివాడు. ఒకే తల్లి పాలు తాగినవాళ్లు కనక పాలివాళ్లని వివరించేవాళ్లు కొందరున్నారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, అలాగైతే పెదతాత మనవడు మనకు పాలివాడు ఎలా అయ్యాడు?

సంస్కృతంలో దీనికి సరిగ్గా సరిపోయే మాట దాయాదుడు. దాయం అంటే తాతతండ్రుల సొత్తు, దాన్ని తీసుకునేవాడు దాయాదుడు. మన వాడుకలో దాయాది అయ్యాడు. తెలుగు అక్కడితో ఆగలేదు. ‘దాయ’ అనే మాటకు జ్ఞాతి అని ఒక అర్థం, శత్రువు అని ఇంకో అర్థం ఇచ్చింది. ఎందుకిచ్చిందో భారతం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. (పాచికల్లో పడే దాయం వేరే కథ, ఇంకోసారి చూద్దాం.)

ఇక జన్యువులు. ఒకే పూర్వీక జన్యువు నుంచి పుట్టినవన్నీ హోమోలాగ్‌లు, ఆ చుట్టరికమే హోమోలజీ. అందులో రకాలైన ఆర్థోలాగ్, పారాలాగ్ అనే మాటలను 1970లో జీవశాస్త్రవేత్త వాల్టర్ ఫిచ్ పుట్టించాడు. ఒక జీవి జీనోమ్‌లో, అంటే దాని మొత్తం జన్యు సంపదలో, ఒక జన్యువుకు ఇంకో ప్రతి తయారైతే ఆ రెండూ పారాలాగ్‌లు. ఒక జాతి రెండు జాతులుగా చీలినప్పుడు, అందులోని ఒకే జన్యువు రెండు వైపులా సాగితే అవి ఆర్థోలాగ్‌లు. జన్యువులు ఇలా రెట్టింపు కావడమే పరిణామానికి ముడిసరుకు అని జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో పుస్తకం రాసిందీ ఆ ఏడే. రెండు ప్రతులున్నప్పుడు ఒకటి కొత్త పని నేర్చుకోవచ్చు, ఒకటి చెడిపోయి మూల పడి ఉండొచ్చు, లేదా ఒకప్పుడు ఒక్కటే చేసిన పనిని రెండూ చెరో పాలు పంచుకోవచ్చు. చూశారా, పాలివాడు తనంతట తానే వచ్చి కూర్చున్నాడు.

పాలివాళ్లంటే ఒకే ఇంట్లో ఉండాలని అనుకోకండి. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌లో ఆల్ఫా, బీటా అని రెండు రకాల గొలుసులున్నాయి. ఆల్ఫాలో 141 అమైనో ఆమ్లాలు, బీటాలో 146. రెండింటి జన్యువులూ ఎప్పుడో ఒక్క జన్యువు నుంచి చీలినవే. మనిషి ఆల్ఫా, ఎలుక ఆల్ఫా ఆర్థోలాగ్‌లు. మనిషి ఆల్ఫా, ఎలుక బీటా పారాలాగ్‌లు. జంతువులు వేరైనా సరే, ఆ చీలిక మనిషీ ఎలుకా వేరుపడక ముందటిది కదా.

ఈ తేడా చూడకుండా అన్నిటినీ సారూప్యం అంటే పని చెడుతుంది. రెండు జీవుల జన్యువులను ఎదురెదురుగా పెట్టి, దీన్ని అన్నిటికన్నా ఎక్కువ పోలింది అది, దాన్ని పోలింది ఇది అని తేలితే వాటిని ఆర్థోలాగ్‌లుగా తీసుకోవడం ఒక పద్ధతి. చాలాసార్లు సరిగ్గానే చెబుతుంది. కానీ ఒక జీవిలో ఒక ప్రతి, ఇంకో జీవిలో రెండో ప్రతి అంతరించాయనుకోండి. మిగిలిన రెండూ పారాలాగ్‌లే అయినా, వేరే పోటీ లేదు కనక ఒకదానికొకటి జతగా కనిపిస్తాయి. వాటిని నమ్మి లెక్కేస్తే, జన్యువు రెట్టింపైన కాలాన్ని జాతులు చీలిన కాలంగా పొరబడతాం. అందుకే జన్యువుల వంశవృక్షం గీసి, జాతుల వంశవృక్షం పక్కన పెట్టి సరిచూస్తారు. పోలిక చూసి చుట్టరికం ఊహించవచ్చు, పోలికే చుట్టరికం కాదు.

‘ఇంత శాతం హోమోలజీ’ తప్పే. అన్నదమ్ములు నూటికి డెబ్భై పాళ్లు అన్నదమ్ములు అవుతారా? ముక్కు డెబ్భై పాళ్లు కలవొచ్చు. పోలికకు శాతం ఉంటుంది, పుట్టుకకు ఉండదు. ఆల్ఫా, బీటా గొలుసులు నూటికి నలభైకి పైగా పాళ్లు కలుస్తాయనండి, ఒప్పుకుంటాను. ఇందులో పాత పాఠ్యపుస్తకాల పాత్ర కూడా ఉంది. గబ్బిలం రెక్క, మనిషి చెయ్యి లాంటివాటిని ‘నిర్మాణసామ్య’ అవయవాలన్నారు. సామ్యం అంటే పోలికే. శరీర నిర్మాణ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1843లో హోమోలాగ్‌ను నిర్వచించినప్పుడు ఉమ్మడి పూర్వీకుల ఊసు లేదు కాబట్టి ఆ అర్థానికి అది సరిపోతుంది. డార్విన్ తర్వాత మాట అర్థం పుట్టుక వైపు తిరిగింది, మన అనువాదం మాత్రం వెనకే ఉండిపోయింది. హోమోలాగ్‌కు ‘సమజాత’ మేలు. క్రోమోజోముల దగ్గర ఇప్పటికే వాడుతున్నాం. జాత, జన్య రెండూ ‘జన్’ ధాతువు నుంచే వచ్చాయి కనక కలిసిపోతాయి కూడా.

అయినా వ్యాసకర్తనొక్కడినే అని ఏం లాభం? పెదనాన్న కొడుకునూ మేనమామ కొడుకునూ ఒకే గాటన కట్టేసి ‘కజిన్’ అంటున్నాం. అన్న ఎవరో బావ ఎవరో విడదీసే మాటలు చేతిలో ఉండి కూడా చెరిపేసుకునేవాళ్లం జన్యువుల దగ్గర జాగ్రత్త పడతామా!

‘పాలి జన్యువు’ వాడి చూడండి. మొదటిసారి మాత్రం పక్కన పారాలాగ్ అని రాయండి, లేకపోతే పాడి పశువుల వ్యాసం అనుకుంటారు. ఆర్థోలాగ్‌కు ‘నేరు జన్యువు’ అందామంటే, ఆర్థో అంటే తిన్ననిది అనే గ్రీకు అర్థానికి దగ్గరే గానీ, నేరుగా ఎక్కడికి అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ప్రస్తుతానికి ఆర్థోలాగ్ అనే ఉంచండి. బాక్టీరియాల్లో వంశంతో పని లేకుండా ఒక జాతి నుంచి ఇంకో జాతికి వచ్చి చేరే జన్యువులున్నాయి, వాటిని జెనోలాగ్‌లంటారు. ‘దత్తు జన్యువు’ అందామనిపించింది. కానీ దత్తతకు ఇచ్చేవాళ్ల ఒప్పుదల ఉండాలి, ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు.