ఆ మెట్లు ఎవరి కోసం కట్టారో ముందు కనుక్కో

చి.సౌ. సుధకి మావయ్య ఆశీస్సులు.

కోచింగ్ సెంటరు కోసం అద్దెకి తీసుకుందామనుకుంటున్న ఆ ఫ్లోరు ఫోటోలు నువ్వు పంపినవి చూశాను. ఆ బ్రోకరు వాయిస్ మెసేజి కూడా విన్నాను, రెండుసార్లు. ఫోన్లో చెబుదామంటే సగం వింటావు, మిగతా సగం మీ పిల్లల డౌట్ల గోలలో కొట్టుకుపోతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఆదివారం వచ్చేలోపు చదువుకుని రా. ఈలోగా అడ్వాన్సు మాత్రం ఇవ్వకు, ఎంత తొందరపెట్టినా సరే.

"మావయ్యా, మంటలార్పే సిలిండర్లు ఎన్ని పెట్టాలి?" అని అడిగావు. ఫైరు సర్వీసులో ఉన్నన్నాళ్లూ అందరూ నన్ను అడిగింది ఇదే. అది ఆఖరున అడగాల్సిన మాట. ఆ బిల్డింగుని దేనికోసం కట్టారు, నువ్వు దేనికి వాడబోతున్నావు, ఈ రెంటికీ పొంతన ఉందా లేదా అన్నది ముందు తేలాలి. అది తేలకుండా గోడకి పది సిలిండర్లు వేలాడదీసినా అవి అలంకారానికే.

మన దేశంలో బిల్డింగులు ఎలా ఉండాలో చెప్పే పుస్తకం నేషనల్ బిల్డింగ్ కోడ్. నేను చెప్పేది 2016 నాటి దాని ప్రకారం. అందులో నాలుగో భాగం మొత్తం అగ్నిప్రమాదాల గురించే. కోడ్ తనంతట తాను చట్టం కాదు, రాష్ట్రాలు తమ రూల్సులోకి తెచ్చుకుంటాయి. ఆ పుస్తకం మొదట చేసే పని బిల్డింగులకి కులాలు పెట్టడం. నవ్వకు, మేం స్టేషన్లో అలాగే అనుకునేవాళ్లం. ఏ అంటే జనం నివాసం ఉండేవి, బి చదువు చెప్పేవి, సి ఆస్పత్రుల లాంటివి, డి జనం పోగయ్యే హాళ్లు, ఈ ఆఫీసులు, ఎఫ్ షాపులు, జి ఫ్యాక్టరీలు, హెచ్ గోడౌన్లు, జె ప్రమాదకరమైన సరుకు ఉండేవి. ఐ అక్షరాన్ని వదిలేశారు, ఒకటి అంకె అనుకుంటారని కాబోలు. ప్రతి దాంట్లో మళ్లీ శాఖలు. అపార్ట్‌మెంట్ అయితే ఏ-4, హాస్టలు ఏ-3, స్కూలు బి-1. నీ కోచింగ్ సెంటరు బి-2, అంటే స్కూళ్లు కాని మిగతా శిక్షణ సంస్థలు. ఇరవై మందికి తక్కువ కాకుండా కూర్చోబెట్టి పాఠం చెబితే చాలు, అది బి గుంపే.

నువ్వు చూసిన ఆ మూడో అంతస్తు ఫ్లాట్ల కోసం కట్టినది. పనిమనిషి గది దాకా ఫోటోలో కనిపిస్తూనే ఉంది. అంటే ఏ-4ని తీసుకుని బి-2గా వాడబోతున్నావు. "గోడలు తీసేస్తే క్లాస్‌రూమే కదండీ" అంటున్నాడు బ్రోకరు. కాదు. ఎందుకు కాదో నీ ఫిజిక్సు భాషలోనే లెక్క వేసి చూపిస్తాను.

ఆ ఫ్లోరు 2,400 చదరపు అడుగులు అన్నావు. సుమారు 223 చదరపు మీటర్లు. నివాసానికైతే కోడ్ మనిషికి 12.5 చదరపు మీటర్లు లెక్క కడుతుంది. అంటే 18 మంది. ఆ ఫ్లోరు మీద 18 మంది ఉంటారనుకుని మెట్లు పెట్టారు, తలుపులు పెట్టారు, నడవా వదిలారు. చదువుకునే చోటికి మనిషికి 4 చదరపు మీటర్లు. అదే జాగాలో 56 మంది. నువ్వేమో రెండు గదుల్లో ఒకేసారి రెండు బ్యాచ్‌లు, బ్యాచ్‌కి 60 అంటున్నావు. అంటే 120. లెక్క ప్రకారం వచ్చిన సంఖ్య కంటే నిజంగా కూర్చునేవాళ్లు ఎక్కువైతే ఆ ఎక్కువనే తీసుకోమంటుంది కోడ్. 18 మంది కోసం కట్టిన దారిలోంచి 120 మంది బయటపడాలి.

ఇక మెట్ల సంగతి. ఫ్లాట్లకి కాస్త ఇరుకు మెట్లు చాలు. విద్యా సంస్థకి కనీసం మీటరున్నర ఉండాలి. ఫ్లాట్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్ల దాకా, పాదం పెట్టే పలక 250 మిల్లీమీటర్లు ఉండొచ్చు. చదువు చెప్పే చోట ఎత్తు 150 మించకూడదు, పలక 300 తగ్గకూడదు. నాలుగు సెంటీమీటర్ల తేడాకి ఇంత రాద్ధాంతమా అనుకుంటావు. కరెంటు పోయిన చీకట్లో, వెనక నుంచి నలభై మంది తోసుకొస్తుంటే, ఆ నాలుగు సెంటీమీటర్ల దగ్గరే కాలు మడత పడుతుంది. ముందు ఒక్కరు పడితే చాలు, మిగతావాళ్లు వాళ్ల మీదే.

సూరత్‌లో 2019 మే 24న జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది, టీవీలో అంతా చూశాం. షాపింగ్ కాంప్లెక్సు పైన కోచింగ్ క్లాసు. కిందికి దారి మంటల్లో చిక్కుకుపోతే పిల్లలు కిటికీల్లోంచి దూకారు. 22 మంది విద్యార్థులు పోయారు. కట్టింది ఒకందుకు, వాడింది మరొకందుకు. మన బెజవాడలో 2020 ఆగస్టు 9న పది మంది పోయింది హోటల్లో, కానీ ఆరోజు అది హోటల్‌గా లేదు, కోవిడ్ పేషెంట్లు ఉన్నారు. 'ఏ' గుంపు బిల్డింగులో 'సి' గుంపు మనుషులు. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరు 12న కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. ఎనిమిది మంది. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న అపార్ట్‌మెంట్ కింద రసాయనాల డ్రమ్ములు. కనీసం తొమ్మిది మంది. ఊళ్లు వేరు, కథ ఒకటే.

బ్రోకరు "ఎత్తు పద్దెనిమిది మీటర్ల లోపే కదా, ఫైరు ఎన్.ఓ.సి. అక్కర్లేదు" అన్నాడు చూడు (ఎన్.ఓ.సి. అంటే అభ్యంతరం లేదని మా శాఖ ఇచ్చే కాగితం), ఆ మాట పూర్తి అబద్ధం కాదు. సగం నిజం, అందుకే ప్రమాదం. మన 1999 ఫైర్ సర్వీసు చట్టం కింద ఆ 18 మీటర్ల హద్దు నివాస భవనాలకి. వాణిజ్య భవనాలకైతే 15. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా మందిరాల లాంటి జనం గుమిగూడే చోట్లకి ఎత్తు 6 మీటర్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా ఎన్.ఓ.సి. కావాలి. కింద షాపు, ఆ పైన మూడంతస్తులు. ఆరు మీటర్లు ఎప్పుడో దాటేసింది. రేపు తనిఖీకి వచ్చే ఆఫీసరు బిల్డింగుని చూడడు, లోపలున్న పిల్లల్ని చూస్తాడు. ఓనరు దగ్గర మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ జిరాక్సులు అడుగు. వాటిలో "నివాసం" అని ఉంటే, వాడకం మార్పించే బాధ్యత ఎవరిదో లీజు కాగితంలోనే రాయించుకో. నోటిమాట మీద నమ్మకం పెట్టుకోకు.

ఇప్పుడొక సంగతి చెబుతాను, మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఊరి పేరు వద్దులే. తెల్లవారుజామున మూడు దాటాక కాల్ వచ్చింది. కింద బట్టల కొట్టు, పైన రెండంతస్తుల్లో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు. మేం వెళ్లేసరికి మంట పెద్దగా లేదు, నిజంగా పెద్దగా లేదు. మెట్ల కింద ఉన్న మీటర్ల బోర్డులో మొదలై పక్కనున్న అట్టపెట్టెలకి అంటుకుంది. పొగ మాత్రం మెట్లదారి పట్టుకుని పొగగొట్టంలో పోయినట్టు పైకి పోయింది. కింద చానల్ గేటుకి తాళం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీ తాగడానికి బస్టాండుకి. తాళం కోసి లోపలికి వెళ్లేసరికి పిల్లలు మొదటి అంతస్తు తలుపు దగ్గర కుప్పగా ఉన్నారు. తలుపు లోపలికి తెరుచుకునేది. వెనకున్నవాళ్లు ముందుకి తోస్తుంటే ముందున్న అమ్మాయి దాన్ని తన వైపు లాగలేకపోయింది. అందరూ బతికారు, దేవుడి దయ. కానీ మర్నాడు పంచనామాకి వెళ్లినప్పుడు చూశాను. ఆ తలుపు పక్క గోడ మీద మసిలో చేతి గుర్తులు, నడుము ఎత్తులో వరసగా. ఒక్కటీ తల ఎత్తులో లేదు. అప్పటికే వాళ్లు వంగి పాకుతున్నారన్నమాట.

అందుకే నీ ఫోటోల్లో నేను మొదట చూసింది క్లాస్‌రూములు కాదు, ఆ చానల్ గేటు. రెండోది మెట్ల కింద మీటర్లు. మూడోది, మొదటి మలుపులో ఎవరో పెట్టిన చెప్పుల స్టాండు. మెట్ల మలుపులో చెప్పుల స్టాండు, ఇన్వర్టరు బ్యాటరీ, పాత ఫ్యాను, నీళ్ల టిన్నులు ఏవీ ఉండకూడదు. మెట్లు మీటరు వెడల్పు అనుకున్నా, అందులో స్టాండు అడుగున్నర తింటే మిగిలేది ఎంతో నువ్వే లెక్క వేసుకో.

క్లాస్‌రూము తలుపులు నడవాలోకి, అంటే పిల్లలు పరిగెత్తే వైపుకి తెరుచుకునేలా మార్పించు. వెడల్పు మీటరు తగ్గకూడదు. గదిలో ఏ మూల బెంచీ నుంచి అయినా మెట్లదారి దాకా నడిచే దూరం 30 మీటర్ల లోపు ఉండాలి. మీ ఫ్లోరులో అది ఇబ్బంది కాదు. ఇబ్బంది ఆ వెనక గది. నడవా అక్కడ గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. చదువు చెప్పే చోట అలాంటి మూసుకుపోయే నడవా 6 మీటర్లు మించకూడదు. ఫోటోలో ఎనిమిదైనా ఉన్నట్టుంది, టేపుతో కొలుద్దాం.

రెండో మెట్లదారి గురించి నాకూ ఓనరుకీ గొడవ తప్పదు. విద్యా సంస్థలో ఫ్లోరు 500 చదరపు మీటర్లు దాటితే రెండు మెట్లదారులు ఉండాలన్న లెక్కొకటి ఉంది. మీది అందులో సగం కూడా లేదు కదా అంటాడు. అననీ. 120 మంది పిల్లలకి ఒకే దారి అంటే నేను ఒప్పుకోను. వెనక సందులో జాగా ఉంటే బయటి నుంచి ఇనప మెట్లు వేయించమందాం. 1.25 మీటర్ల వెడల్పుతో, తిన్నగా. జాగా కలిసొస్తుందని గుండ్రంగా తిరిగే మెట్లు పెడతానంటాడు, వద్దని చెప్పు. ఆ ఖర్చు అద్దెలో కలుపుకుంటానంటే కలుపుకోనీ.

అది కుదరకపోతే బ్యాచ్‌ల సమయాలు మార్చు. ఒకసారి 50 మందికి మించి ఆ ఫ్లోరు మీద లేకుండా చూసుకో. నీ ఆదాయం తగ్గుతుంది, తెలుసు. బ్యాంకు లోను ఉందనీ తెలుసు.

పైన రేకుల షెడ్డు వేసి దూరం నుంచి వచ్చే పిల్లలకి హాస్టలు, మెస్సు పెడదామన్న ఆలోచన ఉంది చూడు, అది మాత్రం వదిలెయ్. ఇందులో బేరం లేదు. మెలకువగా ఉన్నవాడికి పొగ వాసన తగులుతుంది, నిద్రపోయేవాడికి తగలదు. వాడు లేచి, ఏమైందో తెలుసుకుని, చెప్పులు వెతుక్కునేలోపు నడవా నిండిపోతుంది. అందుకే కోడ్ పడుకునే చోటుని వేరే గుంపులో పెట్టింది. పైగా గ్యాసు సిలిండర్లు టెర్రస్ మీద, కింద పిల్లలు, గ్రౌండ్ ఫ్లోరులో ఆ పరుపుల కొట్టు. దూది, ఫోము. ఇలా రెండు మూడు రకాల వాడకాలు ఒకే గూటిలో ఉంటే, మంటకి రెండు గంటలైనా ఓర్చే గోడలూ స్లాబూ మధ్యలో అడ్డుంటే తప్ప, అన్నిట్లోకీ కఠినమైన రూలే అందరికీ వర్తిస్తుంది. పరుపుల కొట్టు వెనక తలుపు మీ మెట్లదారిలోకి తెరుచుకుంటోందేమో చూడు. తెరుచుకుంటే గోడ కట్టి మూయించాల్సిందే.

కరెంటు గురించి పెద్దగా చెప్పను, మీ ఆయన ఆ పని చేసినవాడే. డొమెస్టిక్ మీటరు మీద నాలుగు ఏసీలు వేలాడదీయకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ర్యాంకుల ఫ్లెక్సీలతో రోడ్డు వైపు కిటికీలు మూసెయ్యకు. ఎవరి ఫోటో ఎంత పెద్దగా వెయ్యాలో మీ ఇష్టం, కిటికీ మాత్రం ఖాళీగా ఉండాలి. పొగ పోయేది అక్కడి నుంచే, మా నిచ్చెన వచ్చేదీ అక్కడికే. గ్రిల్లు ఉంటే ఒక కిటికీకైనా లోపలి నుంచి తీసే గడియ పెట్టించు.

సరే, సిలిండర్లు. ఎ.బి.సి. పౌడరువి 6 కిలోలవి క్లాసు తలుపుల దగ్గర, కరెంటు బోర్డు దగ్గర కార్బన్ డయాక్సైడుది ఒకటి. పౌడరు వాటి ముల్లు పచ్చగీతలో ఉందో లేదో నెలకొకసారి చూడాలి. పిన్ను లాగి, మంట నాలికల మీద కాదు, మొదట్లో కొట్టాలి. ఇదంతా సెంటరు మొదలైన వారంలో నేనే వచ్చి మీ స్టాఫు చేత చేయిస్తాను. ఒక ఆఫీసులో తలుపు మూసుకుపోకుండా సిలిండరుని అడ్డం పెట్టారు, అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 101 నంబరు గోడ మీద పెద్దక్షరాల్లో రాయించు. టెన్షన్లో ఎవరికీ ఏదీ గుర్తు రాదు.

ఆదివారం పదిన్నరకి అక్కడే కలుద్దాం. నా పాత యాభై మీటర్ల టేపు తెస్తాను. నువ్వు ప్లాను కాపీ తీసుకురా, ఓనరుని కూడా రమ్మను. ఈలోపు ఒక పని చెయ్. రేపు రాత్రి ఎనిమిదింటికి, చెప్పాపెట్టకుండా ఆ బిల్డింగు దగ్గరికి వెళ్లి, కింద చానల్ గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడుగు. చేతికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకుని రా.

మీ అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టింది, డబ్బా ఖాళీగా తీసుకురమ్మంటోంది.

మీ మావయ్య