కిరాయికున్నవాళ్లతో సహా ఇల్లు కొంటున్న మేనల్లుడికి

చి. చిన్నాకు,

అత్తమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ చూశాను. మల్కాజిగిరిలో రెండు వందల గజాల్లో ఇండిపెండెంట్ ఇల్లు, గేటు పక్కన వేపచెట్టు, ఈ రోజుల్లో దొరకడం కష్టమే. కోడలికి తెగ నచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ధర సంగతి నేనేం మాట్లాడను, అది మీరూ మీ బ్యాంకూ చూసుకోండి. చివర్లో రాశావు చూడు ఒక్క ముక్క, దానికే నాకు నిద్ర పట్టలేదు. "కింద రెండు పోర్షన్లలో మనుషులున్నారు, ముందు షటర్లో ఇస్త్రీ షాపు ఉంది, రిజిస్ట్రేషన్ అయ్యాక అందర్నీ తనే ఖాళీ చేయిస్తానని ఓనరు అన్నాడు అత్తమ్మా."

అచ్చంగా ఇదే మాట నేను 1996లో విన్నాను.

నల్లకుంటలో ఇల్లు చూడటానికి నేనూ మీ మామయ్యా మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ ఓనరే తాళాలగుత్తి పట్టుకుని ముందు నడిచాడు. కింది పోర్షన్ దగ్గరికి రాగానే ఆ ఇంటావిడ కర్టెన్ పక్కకు జరిపి, మాకు దారిచ్చి, గోడకు ఆనుకుని నిలబడేది. నేను వంటగట్టు ఎత్తు చూశాను, సజ్జ మీద ఎన్ని డబ్బాలు పడతాయో లెక్కేశాను, కుళాయి తిప్పి చూశాను. ఆవిడ మొహం మాత్రం చూడలేదు. రిజిస్ట్రేషన్ అయింది. నెలలో పోతారన్నవాళ్లు మూడో నెలకూ కదల్లేదు. గట్టిగా అడిగితే ఆవిడ భర్త లోపలికెళ్లి ఒక నోటుబుక్కు కాగితం తెచ్చాడు. ఓనరు తన కూతురి పెళ్లికి ఈయన దగ్గర అరవై వేలు తీసుకున్నాడు. అది చెల్లయ్యేదాకా కిరాయి కట్టక్కర్లేదని రాసిచ్చాడు. అప్పటికి ఇంకా రెండేళ్ల పైచిలుకు మిగిలి ఉంది. "ముందే ఒక మాట చెప్పొచ్చు కదయ్యా" అని మీ మామయ్య అంటే, ఆయన ఏం కోపం లేకుండా "మీరు అడగలేదు కదన్నా" అన్నాడు.

గృహప్రవేశం పై గదిలోనే కానిచ్చాం. పాలు పెట్టబోయేసరికి అగ్గిపెట్టె లేదు. కింద నుంచి ఆవిడే తెచ్చిచ్చింది. మంచిదే పాపం. కానీ ఆ ఇంట్లో కింది గదుల్లో నేను చీపురు పట్టడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది, అదీ సగం బాకీ మా జేబులోంచి కట్టి రాజీ చేసుకున్నాక. అమ్మినాయన మా ఫోన్లు ఎత్తడం ఎప్పుడో మానేశాడు.

అప్పుడు లాయరు గారు చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో ఒక మనిషి కాపురం ఉన్నాడంటే, అతనికి ఆ ఇంటి మీద ఏ హక్కుందో కొనేవాడికి తెలిసినట్టే లెక్కట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఆ మాట ఉంది. "నాకు తెలియదండీ" అంటే కోర్టులో చెల్లదు. వెళ్లి అడగాల్సింది మనమే.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టీ) తీశాను, శుభ్రంగా ఉందని రాశావు. మంచిదే. కానీ ఈసీలో రిజిస్టరైన కాగితాలే కనపడతాయి బిడ్డా. పదకొండు నెలల అగ్రిమెంట్లు, తెల్లకాగితం మీద అప్పులు, "ఈ ఇల్లు నీకే అమ్ముతా" అని పుచ్చుకున్న అడ్వాన్సులు అందులోకి రావు. వాటి సంగతి తెలిసేది ఆ పోర్షన్లలో ఉన్నవాళ్ల నోటి నుంచే.

అందుకని బయానా ఇచ్చే ముందు ఒక్క పని చెయ్యి. ఓనరు పక్కన లేకుండా, అతనికి చెప్పే అనుకో, ప్రతి గడపకూ వెళ్లు. కోడల్ని తీసుకెళ్లు, ఆడవాళ్లుంటే మాట తొందరగా కలుస్తుంది. టీ ఇస్తే తాగు. ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు, కిరాయి ఎంత, ఎవరి చేతికిస్తున్నారు, అడ్వాన్స్ ఎంత కట్టారు, అగ్రిమెంటు ఉందా, ఓనరుకు విడిగా ఏమైనా ఇచ్చారా, అన్నీ అడుగు. ఓనరు చెప్పిన లెక్కతో పోల్చుకో. ఇద్దరి లెక్కలూ కలవకపోతే అక్కడే ఆగు. కలిస్తే, అదే ఒక కాగితం మీద రాయించి, నాకు ఇంతకు మించి ఈ ఇంటి మీద ఏ హక్కూ లేదన్న ముక్క చేర్చి సంతకం పెట్టించు. పెట్టనన్నవాళ్లు ఎందుకు పెట్టనన్నారో కనుక్కోకుండా చెక్కు రాయకు.

ఇంకో సంగతి. వెనక పోర్షన్లో ఓనరు తమ్ముడు "ఊరికే ఉంటున్నాడు" అని తేలిగ్గా రాశావు. నన్నడిగితే ఆ ఇంట్లో అందరికన్నా ముందు చూసుకోవాల్సింది అతన్నే. కిరాయి కట్టేవాడు కిరాయిదారే. కిరాయి కట్టకుండా ఏళ్ల తరబడి ఉంటున్న అన్నదమ్ముడు వాటాదారేమో ఎవరికి తెలుసు? ఆ స్థలం వాళ్ల నాన్న కొన్నదా, తాత నుంచి వచ్చిందా, పంపకాల కాగితం ఉందా, ఉంటే రిజిస్టరైందా, లింకు డాక్యుమెంట్లలో, అంటే ఆ ఆస్తి ఇదివరకు చేతులు మారిన పాత కాగితాల్లో, చూడమని లాయరుకు గట్టిగా చెప్పు. అక్కచెల్లెళ్లున్నారేమో కూడా అడుగు. పిత్రార్జితంలో ఆడపిల్లలకూ కొడుకులతో సమానంగా వాటా అని 2005లోనే చట్టం మారింది. అందరూ సేల్ డీడ్‌లో సంతకం పెడితే సరి. "మా తమ్ముడు నా మాట జవదాటడు" అని ఓనరు అంటాడు. జవదాటనివాడైతే సంతకానికి రమ్మను.

షటర్ సంగతికొస్తే, ఇస్త్రీ షాపు కదా, చిన్నవాడు, ఒక మాట చెబితే పోతాడు అనుకుంటున్నావు. కాపురం ఉన్నవాళ్లు పిల్లల స్కూలు మారినా ఇల్లు మారతారు. షాపువాడికి ఆ వీధే అన్నం పెడుతుంది. పది అపార్ట్‌మెంట్ల బట్టలు అతని బల్ల మీదికి వస్తాయి, అవతలి వీధికి పోతే సగం రావు. పైగా అతని కిరాయి నెలకు 2,500 అన్నావు. మన దగ్గర కట్టి పదిహేనేళ్లు దాటిన ఇంట్లో, కార్పొరేషన్ పరిధిలో 3,500 దాటని కిరాయి అంటే 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం కిందికి వస్తుంది. ఉత్త నోటీసుతో పంపించలేవు. రెంట్ కంట్రోలర్ ముందు కారణం రుజువు చెయ్యాలి. కిరాయి ఎగ్గొట్టాడనో, ఇంకొకడికి అప్పగించాడనో, నీ సొంత అవసరమనో. అక్కడ నీ వ్యాపారం పెట్టుకుంటానంటే ఒక లెక్క, కారు పెట్టుకుంటానంటే ఇంకో లెక్క. పాత బజార్లలోలాగా పగిడీ (షాపులో దిగేటప్పుడు ఓనరుకు ముట్టజెప్పే పెద్ద మొత్తం) ఏమైనా ఇచ్చాడేమో కూడా కనుక్కో.

ఎక్కువ కిరాయి కట్టేవాళ్ల దగ్గరా అంత సుళువు కాదులే. నెలనెలా కిరాయి మీద ఉన్నవాళ్లకు 15 రోజుల నోటీసు చాలంటారు. నోటీసు పదిహేను రోజులదే, దావా మాత్రం ఏళ్లది.

అసలు అందర్నీ ఎందుకు పంపించాలి, అది ఆలోచించావా? మీరుండటానికి పై అంతస్తు చాలు కదా. ముందు పోర్షన్లో పంతొమ్మిదేళ్లుగా ఉంటున్న ముసలి దంపతులు నెలకు 11,000 ఒకటో తారీఖునే ఇస్తున్నారన్నావు. ఈఎంఐకి అది ఎంత ఆసరా! మీరిద్దరూ ఆఫీసులకు పోతే ఇంటిని కనిపెట్టుకుని ఉండేదీ వాళ్లే. ఆ మోటార్ ఎప్పుడు ఆగుతుందో, మంచినీళ్లు ఏ పూట వస్తాయో నీకు చెప్పేది కూడా వాళ్లే. నేనైతే వాళ్లను ఉండనిస్తాను. వాళ్ల అగ్రిమెంటు గడువు ఇంకా ఉంటే అయ్యేదాకా అవే షరతులు నిన్నూ కట్టేస్తాయి, పాత ఓనరు చెప్పుల్లో నువ్వు కాలు పెట్టినట్టే. గడువయ్యాక నీ పేరు మీద కొత్తది రాసుకో.

ఎవరినైనా పంపించక తప్పదనుకుంటే, ఆ పని రిజిస్ట్రేషన్‌కు ముందే, ఓనరు చేతే జరగాలి. ఆ పోర్షన్ తాళాలు చేతికొచ్చాకే మిగతా సొమ్ము, రిజిస్ట్రేషన్ అని ఓనరుతో రాసుకునే అమ్మకం అగ్రిమెంటులో రాయించు. డబ్బంతా ముట్టాక అతనికి ఆ తొందర ఉండదు. తారీఖు పెట్టేటప్పుడు పంచాంగమూ, స్కూలు క్యాలెండరూ రెండూ చూడు. ఆషాఢంలో ఖాళీ చెయ్యమంటే ఎవరూ చెయ్యరు, నువ్వూ పాలు పొంగించలేవు. టెన్త్ చదివే పిల్లుంటే మార్చి పరీక్షలు కానివ్వు. ఇంట్లో నెలలు నిండుతున్న మనిషుంటే పురుడయ్యేదాకా ఊరుకో. సామాను లారీకని ఒక నెల కిరాయి చేతిలో పెడితే ఇచ్చేది పదివేలు, మిగిలేది లాయరు ఫీజు. కరెంటు తీసెయ్యడం, నీళ్లు కట్టెయ్యడం లాంటి సలహాలు ఎవడైనా ఇస్తే చెవిన పెట్టకు. అది చట్టానికీ విరుద్ధం, ఆ ఇంట్లో తర్వాత కాపురం ఉండాల్సింది మీరే.

డబ్బు లెక్కల్లో ఒక్కటే మరిచిపోతారు అందరూ. కిరాయిదారులు కట్టిన అడ్వాన్సులు ఓనరు దగ్గరున్నాయి. రేపు వాళ్లు ఖాళీ చేసే రోజున అడిగేది నిన్నే. ఆ మొత్తం ధరలోంచి తగ్గించుకో, అమ్మకం అగ్రిమెంటులోనూ రాయించు. కరెంటు, వాటర్ బోర్డు, ఇంటి పన్ను బాకీలు చూసుకో. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఓనరుకిచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) నువ్వే పట్టుకుని కట్టాలి, అది మీ ఆడిటర్ చూస్తాడు.

రిజిస్ట్రేషన్ అయిన రోజే ఓనరూ నువ్వూ కలిసి సంతకం పెట్టిన ఉత్తరం ఒక్కో గడపకూ ఇవ్వండి, ఫలానా తారీఖు నుంచి కిరాయి ఈయనకు కట్టండి, మీ అడ్వాన్స్ కూడా ఈయనకే మారింది అని. అందినట్టు రెండో కాపీ మీద సంతకం తీసుకో. వాళ్లకు తెలియజెయ్యకపోతే, తెలియక పాత ఓనరుకు కట్టిన కిరాయి మళ్లీ నీకు కట్టమని అడగలేవు.

బయానా చెక్కు ఇంకా ఇవ్వలేదు కదా? ఆదివారం దాకా ఆగు. పొద్దున తొమ్మిదింటికల్లా నన్ను విద్యానగర్ రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కించుకో, నేనూ వస్తాను. ఆ ముసలావిడ దగ్గర నేనూ కోడలూ కూర్చుంటాం. నువ్వు ఒక రెండు చొక్కాలు పట్టుకుని ఇస్త్రీ షాపుకు వెళ్లు.

మీ
అత్తమ్మ