తెల్లచుక్కలు మాయమైనా తెగులు పోలేదు

ప్రశ్న: మా ఉప్పునీటి అక్వేరియంలో క్లౌన్ చేపల రెక్కలపై ఉప్పురవ్వ అంటించినట్లు తెల్లచుక్కలు వచ్చి, నాలుగు రోజుల్లో పోయి, వారం తిరగకుండా ఇంకా ఎక్కువగా వచ్చాయి. తొట్టిలో పగడాలు, రొయ్యలు ఉన్నాయి. రాగి మందు వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దయచేసి ఆ తొట్టిలో మాత్రం వేయకండి, రొయ్యలు, పగడాలు చనిపోతాయి. మీరు వర్ణించినది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి తీరులాగే ఉంది. చేప చర్మంలో 3 నుంచి 7 రోజులు తిని బలిసిన ఆ జీవి కిందికి రాలి, ఇసుకకో రాయికో అంటుకొని, తిత్తి కట్టుకొని, అందులో విభజన చెంది వందలాది పిల్లజీవులను నీటిలోకి వదులుతుంది. చుక్కలు పోయాయని మీరు ఊరట చెందిన రోజులు ఇవే. మందు ఆ ఈదే పిల్లలనే చంపుతుంది, చర్మంలోనూ తిత్తిలోనూ ఉన్నవాటిని చేరదు.

కాబట్టి ఆరోగ్యంగా కనిపించేవాటితో సహా చేపలన్నింటినీ ఇసుక, రాళ్లు లేని వేరే తొట్టిలోకి మార్చి, సీసాపై సూచించిన మోతాదులో రాగి మందు వేసి, నీటిలో రాగి ఎంతుందో పరీక్ష కిట్‌తో రోజూ చూస్తూ కనీసం మూడు వారాలు ఆ మోతాదు తగ్గకుండా చూడండి. తిత్తుల్లోంచి వచ్చే పిల్లజీవులకు చేప దొరక్కుండా, పాత తొట్టిని 76 రోజులు చేపలు లేకుండా ఉంచండి. మన వేసవిలో నీరు వేడెక్కి ఆక్సిజన్ తగ్గుతుంది, మొప్పలు దెబ్బతిన్న చేపకు అది ప్రాణాంతకం. గాలి పంపు ఒక్క పూటైనా ఆపవద్దు.