మధ్యలో తెగిన ఫైలును మళ్లీ ఎలా పంపాలి?

ప్రశ్న: వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (కమీషన్ ఏజెంటు) దుకాణంలో లెక్కలు చూస్తాను. స్కాన్ చేసిన తక్‌పట్టీలను (రైతుల సరుకు అమ్మకం చీటీలను) రోజూ రాత్రి పైథాన్ స్క్రిప్టుతో, ఎఫ్‌టీపీ (ఫైళ్లను సర్వర్‌కు పంపే పద్ధతి) ద్వారా హైదరాబాద్‌లోని ఆడిటర్ గారి సర్వర్‌కు పంపుతాము. కనెక్షన్ తెగితే వెంటనే పదిసార్లు ప్రయత్నించేలా రాశాను. అయినా మిర్చి సీజన్‌లో కొన్ని ఫైళ్లు అక్కడ సగమే చేరి కనిపిస్తున్నాయి. పాస్‌వర్డ్ మారిన రాత్రి ఖాతా కూడా లాక్ అయింది. దయచేసి పరిష్కారం చెప్పగలరు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ స్క్రిప్టు అన్ని వైఫల్యాలనూ ఒకే గాటన కడుతోంది. ఎఫ్‌టీపీ సర్వర్ ఇచ్చే మూడంకెల జవాబుల్లో 4తో మొదలయ్యేవి తాత్కాలికమైన ఇబ్బందులనీ, 5తో మొదలయ్యేవి అదే ఆదేశాన్ని అలాగే మళ్లీ పంపి ప్రయోజనం లేనివనీ 1985 నాటి ప్రమాణమే విడదీసి చెప్పింది. 421 వస్తే సర్వర్ ప్రస్తుతం అందుబాటులో లేదని అర్థం, కాసేపు ఆగి ప్రయత్నించవచ్చు. 530 వస్తే లాగిన్ కుదరలేదని అర్థం కాబట్టి అక్కడికక్కడే ఆపి మీకు తెలియజేయాలి. తప్పు పాస్‌వర్డ్ పదేపదే వస్తే ఎవరో చొరబడుతున్నారని సర్వర్ అనుమానించడం సహజమే. పైథాన్‌లో ఎఫ్‌టీపీ పనికి వాడే ఎఫ్‌టీపీలిబ్, 4తో, 5తో మొదలయ్యే జవాబులకు వేర్వేరు ఎక్సెప్షన్లు (లోపం వచ్చిందని తెలిపే సంకేతాలు) ఇస్తుంది, వాటిని విడివిడిగా పట్టుకోండి.

ఆగే వ్యవధిని 5, 10, 20, 40 సెకన్లుగా రెట్టింపు చేస్తూ, ప్రతిసారీ దానికి కొన్ని సెకన్లు యాదృచ్ఛికంగా కలపండి. టైమౌట్, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే గడువు, తప్పక ఇవ్వండి. అది లేకపోతే అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేనప్పుడు స్క్రిప్టు తెల్లవారేదాకా ఎదురుచూస్తూనే ఉండవచ్చు, అప్పుడు మళ్లీ ప్రయత్నించే భాగం దాకా అది రానే రాదు.

సగమే చేరిన ఫైళ్ల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆడిటర్ గారు వాటినే పూర్తి లెక్కగా తీసుకునే ప్రమాదం ఉంది. ఫైలును ముందుగా ‘.పార్ట్’ వంటి తోకతో తాత్కాలికమైన పేరున పంపి, సర్వర్ నుంచి 226 (బదిలీ పూర్తయిందనే జవాబు) అందాక, ఫైలు పరిమాణం చెప్పే సైజ్ ఆదేశంతో రెండు వైపులా బైట్లు సరిపోల్చి, ఆ తర్వాతే అసలు పేరుకు మార్చండి. మొత్తం డేటా చేరాక 226 మాత్రమే దారిలో పోయే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు స్క్రిప్టు అదే తాత్కాలికమైన పేరున మళ్లీ పంపినా పాతదే చెరిగి కొత్తది నిలుస్తుంది, ఒకే తక్‌పట్టీ రెండుసార్లు నమోదు కాదు. తెగిన చోటి నుంచి కొనసాగించే వీలు ఎఫ్‌టీపీలో ఉన్నా, కొద్ది మెగాబైట్ల ఫైళ్లకు మొదటి నుంచి పంపడమే నాకు క్షేమంగా తోస్తుంది.

ఇంకొక మాట: ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్తుంది. రైతుల పేర్లు, వారికి చెల్లించిన మొత్తాలు ఉండే కాగితాలు కాబట్టి ఎస్‌ఎఫ్‌టీపీ (సమాచారాన్ని గుప్తీకరించి పంపే పద్ధతి) ఏర్పాటు చేయమని ఆడిటర్ గారిని అడగండి. అందులో ఈ మూడంకెల జవాబులు ఉండవు, ఎక్సెప్షన్లు పట్టుకునే భాగాన్ని కొత్తగా రాసుకోవాలి. తాత్కాలికమైన పేరు, సైజు సరిచూడటం, ఆగే వ్యవధి మాత్రం ఇలాగే పనికొస్తాయి.