షవ్వాల్ ఆరు, ఖజా ఏడు, మధ్యలో ఒక కేక్ ముక్క

ప్రశ్న: ఆపా, మాది ప్రొద్దుటూరు. పెళ్ళయ్యాక మారతహళ్ళిలో ఉంటున్నా. నెలసరి వల్ల రంజాన్‌లో 7 రోజాలు పోయాయి. పండగై 10 రోజులైంది. షవ్వాల్ (రంజాన్ తర్వాతి నెల) ఆరు రోజాలు పండగ మర్నాటి నుంచి వరుసగా ఉండకపోతే లెక్కలోకి రావని మా అత్తమ్మ అంటారు. ఖజా (పోయినవాటికి బదులు ఉండే రోజాలు) ముందా, ఆరు ముందా? నిన్న నఫిల్ (తప్పనిసరి కాని) రోజాతో ఆఫీసుకెళితే ఎవరిదో పుట్టినరోజని కేక్ నోటి దగ్గర పెట్టారు. మొహమాటానికి తినేశాను.
– ఒక చెల్లెలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ మాట సగం నిజం. పండగైన వెంటనే మొదలుపెట్టడం మంచిదే. కానీ వరుసగా ఉండి తీరాలన్న షరతు లేదు. పండగ రోజు వదిలేసి ఆ నెలలో ఏ ఆరు రోజులైనా సరే. ఒక మంచికి పది రెట్లు ఫలం కదా, 30 రోజాలకు 300, ఆరుకి 60. ఏడాదంతా ఉన్నట్టే అన్నది అందుకే.

ఖజా సంగతికొస్తే, నీకు 19, 20 రోజులు మిగిలాయి. అందులో మళ్ళీ నెలసరి తీసెయ్. 13 రోజాలు ఎక్కడ పడతాయి? నీ వయసులో నేనూ పంతానికి పోయి అన్నీ ఒకే నెలలో కుక్కాను. రస్సెల్ మార్కెట్‌లో కూరగాయల సంచితో కళ్ళు తిరిగి కూలబడ్డాను. ఇంటికొచ్చి పిల్లల మీద అరిచాను, అది వేరే.

ఆరు ముందు ఉండి, ఖజా తర్వాత తీర్చుకోవచ్చని మనం పాటించే హనఫీ సంప్రదాయం ఉలమా (పండితులు) అంటారు. ప్రవక్త గారి భార్య హజ్రత్ ఆయిషా గారు తమ ఖజా షాబాన్ (రంజాన్‌కి ముందు నెల) దాకా తీర్చలేకపోయేవారని హదీసులోనే ఉంది. కాదు, రంజాన్ లెక్క పూర్తయ్యాకే ఆరు అనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే బాకీ పెట్టుకుని దానధర్మాలు చేయబుద్ధి కాదు. ఖజా ముందు పెట్టుకో. ఆరు దక్కితే సరే, లేకపోతే బెంగ వద్దు. నఫిల్ రోజాలకి సోమ, గురువారాలున్నాయి. చాంద్రమాసంలో 13, 14, 15 ఉన్నాయి. బక్రీద్ ముందురోజు అరఫా ఉంది, ముహర్రం 9, 10 ఉన్నాయి. బక్రీద్ నాడు, ఆ తర్వాత మూడు రోజులు మాత్రం ఉండకూడదు.

డిసెంబర్‌లో మన బెంగళూరులో రోజా పన్నెండున్నర గంటలే. జూన్‌లో 14 దాటుతుంది. నా సోమవారాలన్నీ చలికాలంలోనే! పైగా నఫిల్‌కి సహరీకి (తెల్లవారకముందు భోజనానికి) లేవలేకపోయినా, తెల్లవారుజాము నుంచి ఏమీ ముట్టకపోతే, పొద్దు నడినెత్తికి రాకముందే నియ్యత్ (రోజా ఉంటానన్న సంకల్పం) చేసుకోవచ్చు. ఇంట్లో తినడానికేమీ లేదని తెలిసి ప్రవక్త గారు 'అయితే నేను రోజాలో ఉన్నాను' అన్నారు. ఖజాకి ఆ వెసులుబాటు లేదు, రాత్రే అనుకోవాలి.

ఇక ఆ కేక్. మరచిపోయి తినుంటే రోజా పోయేది కాదు. నువ్వు తెలిసే తిన్నావు. మన హనఫీ పద్ధతిలో దానికి బదులు ఒకటి ఉండాలి. షాఫయీ సంప్రదాయం వాళ్ళైతే అక్కర్లేదంటారు. ఈసారి 'ఇవాళ ఒక్కపొద్దు' అని చెప్పు. మన తెలుగువాళ్ళెవరైనా ఆ మాటకి వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ముక్క డబ్బాలో పెట్టుకో, ఇఫ్తార్‌లో ఖర్జూరం తర్వాత తిందువు గాని.