పదిమందీ "అబ్బో" అనే ఊరు కావాలంటే

చి. సౌ. శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. పెళ్ళిరోజుకి ఎక్కడికైనా వెళ్ళాలి, పేరు చెప్పగానే పదిమందీ "అబ్బో" అనాలి, అలాంటి ఊళ్ళు ఓ నాలుగు చెప్పమన్నావు. మనసులో మాట దాచుకోకుండా అడిగావు, సంతోషం. ట్రావెల్ ఆఫీసులో నా ఉద్యోగమంతా ఈ కోరిక ఉన్నవాళ్ళకి టికెట్లు బుక్ చేయడంతోనే గడిచింది. "కాస్త ప్రశాంతంగా ఉండే చోటు చూడండి" అని మొదలుపెట్టేవాళ్ళు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే అసలు సంగతి బయటపడేది. తోడికోడలు వెళ్ళొచ్చిన చోటు కాకూడదు, దానికంటే ఒక మెట్టు పైన ఉండాలి.

కాబట్టి ముందు ఒకటి తేల్చుకో. అబ్బో అనాల్సింది ఎవరు? వేళాకోళానికి అడగట్లేదు. అందరికీ తెలిసిన పేరైతే మామూలువాళ్ళు మెచ్చుకుంటారు, బాగా డబ్బున్నవాళ్ళు మాత్రం "అక్కడికి ఇప్పుడు అందరూ వెళ్తున్నారుగా" అని పెదవి విరుస్తారు. వాళ్ళు మెచ్చే చోటు పేరు చెబితే మిగతావాళ్ళు "అదెక్కడుంది?" అంటారు. మాల్దీవులు మొదటి రకం, మస్టీక్ రెండో రకం. కరీబియన్ సముద్రంలో ఉన్న ఆ చిన్న దీవిని కోలిన్ టెన్నాంట్ అనే బ్రిటిష్ ప్రభువంశీయుడు 1958లో 45,000 పౌండ్లకి కొన్నాడు. రెండేళ్ళకి యువరాణి మార్గరెట్ పెళ్ళయితే కానుకగా అందులో పదెకరాలు రాసిచ్చాడు. దాంతో దీవి దశ తిరిగింది. యువరాణి ఇల్లు కట్టుకున్నాక మిక్ జాగర్, డేవిడ్ బౌవీ లాంటి రాక్ గాయకులూ కట్టుకున్నారు. ఇప్పటికీ విల్లాలు వందకి అటూఇటూ, అంతే. పెద్ద విమానం దిగే వీలే లేదు. మరి ఆ పేరు నీ ఆఫీసులో ఎంతమంది విని ఉంటారో నువ్వే చెప్పు.

నన్నడిగితే ఖరీదైన ఊరు వేరు, గొప్ప ఊరనిపించుకునేది వేరు. లండన్, న్యూయార్క్ హోటళ్ళ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయినా అక్కడికి వెళ్ళొచ్చినందుకు ఎవరూ నోరెళ్ళబెట్టరు. అందరూ రాకుండా ఏదో ఒక అడ్డం ఉన్నప్పుడే ఊరికి ఆ దర్జా వస్తుంది. అందుకే ఏ ఊరి పేరు విన్నా నేను ముందు చూసేది ఆ అడ్డమేమిటో. నీ డబ్బు దేనికి పోతుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

కరీబియన్ దీవి సెయింట్ బార్ట్స్‌కి అడ్డం రన్‌వే. పొడవు 650 మీటర్ల దాకా ఉంటుందంతే. బుల్లి విమానం ఒక గుట్ట మీదున్న రోడ్డుని, దానిమీద వెళ్తున్న కార్లని దాదాపు రాసుకుంటూ వచ్చి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. రన్‌వే అవతలి చివర బీచ్, ఆపైన సముద్రం. అక్కడ దిగాలంటే పైలట్లకి ప్రత్యేక శిక్షణ ఉండాలి. చీకటి పడితే ఏ విమానమూ రాదు. జంబో జెట్లు రావు కాబట్టి బస్సుల కొద్దీ టూరిస్టులూ రారు. ఊరివాళ్ళకి కావలసిందీ అదే. వెళ్ళేవాళ్ళు పక్కనున్న సెయింట్ మార్టిన్ దాకా పెద్ద విమానంలో వచ్చి మారతారు. అది ఆలస్యమైతే ఆ రాత్రికి అక్కడే ఆగిపోవాలి. అందుకని వెళ్ళే రోజు మధ్యాహ్నానికల్లా సెయింట్ మార్టిన్ చేరేలా చూసుకోవాలి, లేదా ఫెర్రీ టైములు చేతిలో పెట్టుకోవాలి.

మాల్దీవుల్లో అడ్డం నీళ్ళు. 1972లో మొదటి రిసార్ట్ పెట్టిన దగ్గర్నుంచీ ఒక దీవికి ఒక రిసార్ట్ అన్న పద్ధతి నడిచింది. డబ్బు కట్టినవాళ్ళు తప్ప ఆ ఇసుక మీద ఇంకెవరూ కాలు పెట్టరు, గొప్పంతా అదే. తర్వాత్తర్వాత జనం నివసించే దీవుల్లో కూడా గెస్ట్‌హౌస్‌లకి అనుమతి ఇచ్చారు, అవి బాగా చవక. అంటే ఇప్పుడు "మాల్దీవులు వెళ్ళాం" అన్న మాటలో రెండు వేర్వేరు ట్రిప్పులున్నాయి. గెస్ట్‌హౌస్ దీవుల్లో మద్యం దొరకదు, స్విమ్‌సూట్ వాళ్ళు కేటాయించిన బీచ్‌లోనే. నాకైతే అదేమీ తక్కువగా అనిపించదు, కానీ నువ్వడిగిన అబ్బో దానికి రాదు. రిసార్టే అనుకుంటే గది అద్దె చూసి మురిసిపోకు, ట్రాన్స్‌ఫర్ ఎంతో అడుగు. సీప్లేన్‌కి తలకి వందల డాలర్లు విడిగా వేస్తారు, అదీ పగలే ఎగురుతుంది. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గర హోటల్లో పడుకోవాలి, డబ్బు కట్టిన రిసార్ట్ గది మీరు లేకుండానే ఓ రాత్రి గడుపుతుంది. స్పీడ్‌బోట్‌లో చేరగల దీవి చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

కొన్ని చోట్ల ప్రభుత్వమే గేటు దగ్గర నిలబడుతుంది. భూటాన్ ఒక్కో మనిషికి రాత్రికి 100 డాలర్లు ఫీజు తీసుకుంటుంది, 2022లో 200 పెట్టి మరుసటి ఏడాది సగానికి తగ్గించారు. భారతీయులకి మాత్రం రాత్రికి 1200 రూపాయలే. అందుకే అమెరికావాళ్ళు భూటాన్ వెళ్ళొచ్చామని చెప్పే తీరు వేరు, మనం చెప్పే తీరు వేరు.

ఈ గేటు వ్యవహారం చక్కగా అర్థం కావాలంటే గొరిల్లాలని చూడు. రువాండాలో అడవిలో వాటిని చూడ్డానికి విదేశీయులకి పర్మిట్ 2017లో 750 డాలర్ల నుంచి ఒక్క దెబ్బకి 1500 అయింది. పక్కనున్న ఉగాండాలో 800. రెండు చోట్లా ఉన్నవి కొండ గొరిల్లాలే, రెండు చోట్లా ఒక గంటే, గుంపుకి ఎనిమిది మందే. రువాండాకి ఎక్కువ ఇచ్చేది ఎందుకంటే, రాజధాని నుంచి కారులో రెండు మూడు గంటల్లో అడవి చేరుకోవచ్చు, చుట్టూ లాడ్జిలు కూడా మహారాజుల స్థాయివి. ఉగాండాలో బ్విండీ అడవికి రోడ్డు మీద రోజంతా పడుతుంది. ఆ తేడా డబ్బు దేనికో తెలిసి ఇస్తే తప్పులేదు. "ఎక్కువ రేటు కాబట్టి ఎక్కువ గొరిల్లా" అనుకున్నవాళ్ళని చూశాను కాబట్టి చెబుతున్నా.

పేరు చూసి డబ్బు పెట్టేముందు ఇంకో సంగతి. ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో కోర్షెవెల్ 1850 అని స్కీయింగ్ ఊరుంది, యూరప్ డబ్బంతా చలికాలంలో అక్కడే కనిపిస్తుంది. 1850 అంటే ఎత్తు, మీటర్లలో. కొలిస్తే ఊరున్నది 1747 మీటర్ల దగ్గర! పోటీ ఊరు వాల్ దిజేర్ 1850లో ఉంది కదా, మనం తక్కువైతే ఎలా అని ఆ అంకె తగిలించుకున్నారు. కొండ కిందున్న చిన్న ఊళ్ళకీ 1650, 1550 అని పేర్లుండేవి. అంకె తగ్గేకొద్దీ గౌరవం తగ్గుతోందని గమనించి అవి తర్వాత అంకెలు తీసేసి పేర్లు పెట్టుకున్నాయి. స్కీ లిఫ్టులు మాత్రం అన్నిటినీ కలుపుతాయి, పగలంతా జారేది అదే కొండ మీద. సాయంత్రం ఏ ఊళ్ళో బూట్లు విప్పుతావన్నదానికే బిల్లులో తేడా.

ఈ గొప్పతనం నిలకడగా ఉండేదీ కాదు. రోమన్ చక్రవర్తులు, సెనేటర్లు పోటీలు పడి విల్లాలు కట్టుకున్న బాయే, నేపుల్స్ పక్కన, ఇవాళ సగం సముద్రం అడుగున ఉంది. నేల కుంగిపోయింది, ఇప్పుడు డైవింగ్ చేసేవాళ్ళు ఆ పాలరాతి నేలలు చూసొస్తుంటారు. ఇంగ్లండ్ తీరంలోని బ్రైటన్ మునగలేదు, రైలొచ్చింది. 1783లో బ్రిటిష్ యువరాజు వచ్చి వెళ్ళాక అది ఫ్యాషనైంది, ఆయన ప్యాలెస్ కూడా కట్టించుకున్నాడు. 1841లో లండన్ నుంచి రైలు మొదలయ్యేసరికి మామూలు జనం పొద్దున్నే బయల్దేరి సముద్రం చూసి రాత్రికి ఇంటికి చేరేవారు. విక్టోరియా రాణికి ఆ రద్దీ గిట్టలేదు. 1850లో ప్యాలెస్‌ని పట్టణానికే అమ్మేశారు. మెక్సికోలో అకపుల్కో కూడా అంతే. 1953లో జాన్ కెనెడీ దంపతులు హనీమూన్‌కి వెళ్ళిన ఊరది. ఇప్పుడెవరైనా ఆ పేరు చెబితే అక్కడి ముఠాల గొడవలు తలచుకుని ముందు "జాగ్రత్త" అంటారు.

ఏ ఊరన్నదే కాదు, ఎప్పుడన్నది కూడా ఇందులో భాగమే. ఫ్రాన్స్ దక్షిణ సముద్రతీరం, అంటే ఫ్రెంచ్ రివియేరా, చాలాకాలం చలికాలపు విడిది. ఎండాకాలం వస్తే హోటళ్ళు తాళాలు వేసుకునేవి, మర్యాదస్తులెవరూ ఎండలో ఉండేవారు కాదు. 1923లో ఒక అమెరికన్ జంట, జెరాల్డ్, సారా మర్ఫీ, ఆంటీబ్‌లోని హోటల్ దు కాప్ వాళ్ళని బతిమాలి వేసవిలో కూడా తెరిపించారు. అలా మొదలైన ఫ్యాషన్‌కే ఇవాళ జులైలో అక్కడ గది దొరకట్లేదు. నేను జూన్ మొదట్లోనో సెప్టెంబర్‌లోనో వెళ్ళమంటాను. ఫ్రాన్స్‌లో బీచ్ చట్టప్రకారం అందరిదీ. పడక కుర్చీలకి వందల యూరోలు అడిగే బీచ్ క్లబ్ పక్కనే తువ్వాలు పరుచుకుని కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు.

ఇటలీ దీవి కాప్రీ అనుకుంటే తప్పకుండా రాత్రి ఉండు. పగలు ఫెర్రీల్లో దిగే జనంతో భుజాలు రాసుకోవడమే సరిపోతుంది, సాయంత్రం ఆఖరి పడవలు వెళ్ళాకే అది డబ్బున్నవాళ్ళ దీవి అవుతుంది. పగలొచ్చి పోయేవాళ్ళు కాప్రీ చూశామనుకుంటారు, పాపం.

బట్టల గురించి కూడా అడిగావు. కొత్త డబ్బు చేరే చోట, అంటే మొనాకో, కోర్షెవెల్ లాంటి చోట, మెరిసేవి బానే నప్పుతాయి. తరతరాల డబ్బున్న చోట్ల మెరిస్తేనే బయటివాళ్ళని తెలిసిపోతుంది. అమెరికాలో నాంటకెట్ దీవికి ఎర్ర కాన్వాస్ ప్యాంట్లు పేరు. ఉతికేకొద్దీ వెలిసి గులాబీ రంగులోకి దిగుతాయి. ఎంత వెలిస్తే అంత గౌరవం, ఎన్నేళ్ళుగా వస్తున్నారో దాన్నిబట్టే లెక్క. కొత్తది తొడుక్కుని వెళ్తే నిన్ననే దిగారని తెలిసిపోతుంది.

ఇక నా ఓటు చెబుతాను. మీ ఇద్దరికీ స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్, అదీ వేసవిలో. పేరుకి పేరు, దాన్ని ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకున్న ఊరు. 1928, 1948 వింటర్ ఒలింపిక్స్ అక్కడే జరిగాయి. దాని చలికాలపు గొప్పకి మూలం ఒక పందెం అంటారు. 1864లో యోహానెస్ బాద్రుట్ అనే హోటల్ యజమాని, వేసవి ముగించుకుని వెళ్తున్న ఇంగ్లిష్ అతిథులతో "చలికాలంలో రండి, నచ్చకపోతే మీ దారి ఖర్చులు నావి" అన్నాడట. వచ్చినవాళ్ళు వసంతం దాకా కదల్లేదట. అది మొదట వేసవి ఊరే కాబట్టి మీరు వెళ్ళేది అసలు సీజన్‌కే అనుకో. సరస్సులు, అడవిలో నడక దారులు, ముయోత్తాస్ మురాల్ కొండ మీదికి 1907 నాటి రోప్ రైలు, పైనుంచి సరస్సులన్నీ వరసగా కనిపిస్తాయి. చలికాలం రేట్లు కూడా తప్పుతాయి.

గది సెయింట్ మోరిట్జ్‌లోనే తీసుకోనక్కర్లేదు. పోంట్రెసీనా రైల్లో కొద్ది నిమిషాలే, నెమ్మదైన ఊరు. బెర్నీనా ఎక్స్‌ప్రెస్ అని అద్దాల రైలు గురించి అందరూ చెబుతారు, దానికి సీటు రిజర్వేషన్ విడిగా కట్టాలి. అదే పట్టాల మీద మామూలు రైలు తిరుగుతుంది, అవే వంతెనలు, అవే మంచుకొండలు. కొన్ని పెట్టెల్లో కిటికీ దింపుకోవచ్చు, ఫొటోల్లో అద్దం మెరుపు పడదు. ఆ మామూలు రైలే ఎక్కు. ఏప్రిల్ నుంచి మే ఆఖరు దాకా, మళ్ళీ అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ దాకా మాత్రం వద్దు, చాలా హోటళ్ళు మూసేస్తారు. హోటల్‌కి రాసేటప్పుడు కొండ రైళ్ళ పాస్ గదితో కలిపి ఇస్తారా అని అడుగు, వేసవిలో కొందరు ఇస్తారు.

అల్లుడికి నీళ్ళే ఇష్టమైతే స్పీడ్‌బోట్ దూరంలో ఉన్న మాల్దీవుల రిసార్ట్ రెండో మాట. ఇద్దరూ కూర్చుని తేల్చుకుని తేదీలు పంపు. స్విట్జర్లాండ్ అయితే షెంజెన్ వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, జూన్ ప్రయాణానికి జనవరిలోనే కాగితాలు మొదలుపెడదాం. ఈలోగా ఇద్దరి పాస్‌పోర్టులూ తీసి గడువు ఎప్పటి దాకా ఉందో చూసి నాకు ఫోటో పెట్టు.

ఉంటాను,
మీ పెద్దమ్మ